సామాన్ల దగ్గర ఎవరుంటారు?



మా వీధిలో ఒక వదినగారున్నారు. పెళ్లయిన ఈ పాతికేళ్లలో ఆవిడ మూడుసార్లు తలకోన వెళ్లొచ్చారు. అయినా మొన్న మొన్నటిదాకా అక్కడి జలపాతం చూడలేదు. ఆశ్చర్యపోకండి, ఇందులో వింతేమీ లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు చేతిలో చంటిపిల్ల. రెండోసారి ఆడబిడ్డ వాళ్లు ఊరినుంచి వచ్చారు. ఇరవైమంది, వ్యానులో గిన్నెలూ గరిటెలతో సహా ప్రయాణం. అందరూ జలపాతానికి వెళ్లొచ్చేసరికి భోజనం సిద్ధంగా ఉండాలి కదా! మూడోసారి అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆవిడకు తోడుగా కింద చెట్టుకింద ఉండిపోయారు. "మీకు బాధగా లేదా వదినగారూ?" అంటే, "కింద వాగులో కాళ్లు కడుక్కున్నాను కదమ్మా, అవీ ఆ నీళ్లేగా!" అని నవ్వేశారు.

ఇది ఒక్క మా వదినగారి సంగతేనా? మీ ఇంట్లో పాత ఆల్బం ఒకసారి తిరగేయండి. సెల్‌ఫోన్లో ఫోటోలైనా సరే. నీళ్లకింద నిలబడి కేరింతలు కొడుతున్న పిల్లలుంటారు. భుజాలమీద తువ్వాళ్లతో మగవాళ్లుంటారు. బావమరుదులు, తోడళ్లుళ్లు, పక్కింటి కుర్రాడితో సహా ఉంటారు. అమ్మ మాత్రం ఉండదు. అమ్మ ఎక్కడుందంటే కిందే, సామాన్ల దగ్గర. ఈవేళ ఆ సామాన్ల గురించీ, ఆ జలపాతం గురించీ రెండూ కలిపి మాట్లాడుకుందాం. ఎందుకంటే మనల్ని జలపాతం దాకా పోనివ్వకుండా ఆపుతున్నది దారి కాదు. దారి చాలా సులువు. ఆపుతున్నవి ఆ గిన్నెలే.

తలకోన తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా యాభై, అరవై కిలోమీటర్ల దూరం. నెరబైలు అనే ఊరు దాటాక అడవి మొదలవుతుంది. శేషాచలం కొండల్లో ఇదొక కోన. కోన అంటే రెండు కొండల నడుమ లోయ. శేషాచలానికి తల ఇక్కడే ఉందనీ, అందుకే తలకోన అన్నారనీ చెబుతారు. 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలో భాగం ఇది. 2010లో శేషాచలం కొండలన్నిటినీ కలిపి జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించారు. ఇక జలపాతం సంగతి. 270 అడుగుల ఎత్తు. పాతికంతస్తుల మేడమీద నుంచి ఎవరో కుండలు కుండలుగా నీళ్లు కుమ్మరిస్తున్నట్టు ఊహించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైన జలపాతంగా దీనికి పేరు.

కింద సిద్ధేశ్వరస్వామి గుడి ఉంది. అక్కడినుంచి జలపాతం పాదం దాకా కిలోమీటరున్నర, మహా అయితే రెండు కిలోమీటర్లు ఉంటుంది. కొంత రోడ్డు, కొంత మెట్లు, కొంత రాళ్లబాట. దారి పొడుగునా చెట్లనీడే. మీరు రోజూ ఇంట్లో వంటింటికీ, పెరటికీ, డాబామీదికీ, మళ్లీ గేటు దగ్గరికీ తిరిగే తిరుగుడు కలిపితే ఇంతకంటే ఎక్కువే వస్తుంది. నిదానంగా వెళితే ముప్పావుగంట. మధ్యలో కూర్చుని లేచినా గంట. మాట్లాడుతూ నడవగలిగినంత వేగంగానే నడవండి. ఆయాసంతో మాట తెగుతోందంటే తొందరపడుతున్నామని గుర్తు.

మోకాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఎక్కేటప్పుడు గుండెకూ ఊపిరికీ పని, దిగేటప్పుడు మోకాళ్లకు పని. చాలామంది ఎక్కడానికి భయపడతారు గానీ, నొప్పి పుట్టేది దిగేటప్పుడే. చేతికర్ర ఒకటి ఉంచుకుని, పక్కవాటుగా, ఒక్కొక్క మెట్టూ రెండు కాళ్లూ ఆనించి దిగితే భారం తగ్గుతుంది. తలకోనలో ముందు ఎక్కుడు, తర్వాత దిగుడు. ఆదిలాబాదు జిల్లాలో కుంతాల, నల్లమలలో మల్లెలతీర్థం ఇందుకు తిరగబడి ఉంటాయి. అక్కడ ముందు మెట్లు దిగి జలపాతం దగ్గరికి వెళ్లాలి. హుషారుగా దిగేసి, నీళ్లలో ఆడి అలిసిపోయాక వందల మెట్లు ఎక్కవలసి వస్తుంది. అక్కడికి వెళ్లేవాళ్లు ఓపిక కాస్త దాచుకోవాలి.

సరే, ఇప్పుడు గిన్నెల దగ్గరికి వద్దాం.

మనవాళ్లకు అడవిలోకి వెళ్లినా అన్నం, పప్పు, చారు, వేపుడు, అప్పడాలు, పెరుగు ఉండాలి. అందుకని స్టవ్వు, బియ్యం, కూరగాయల సంచీ, నీళ్ల క్యాను, చాపలు బయల్దేరతాయి. ఇవన్నీ వెళ్లాక కోతులు వస్తాయి. తలకోనలో కోతుల సంగతి చెప్పనక్కరలేదు. ప్లాస్టిక్ సంచీ గలగలమంటే చాలు, ఏ కొమ్మమీద ఉన్నా దిగి వచ్చేస్తాయి. కోతులున్నాయి గనక కాపలా కావాలి. కాపలాకు మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో ఇల్లు దాటకముందే నిర్ణయమైపోయి ఉంటుంది, ఎవరూ నోరు తెరిచి అనకపోయినా. ఎవరూ మనల్ని బలవంతపెట్టరు, అదీ నిజమే. "నువ్వూ రారాదూ" అంటారు. "మీరు వెళ్లి రండి, నేనుంటాలే" అని మనమే అంటాం. ఆ మాట మన నోట్లో అంత అలవాటైపోయింది.

అసలు అడవిలో పొయ్యి వెలిగించడమే తప్పు. ఎండిన ఆకులమీద ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మన వంటింట్లో చీరకొంగు సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పాలా? కాబట్టి వంట సామాను ఇంటి దగ్గరే వదిలేయండి. పొద్దున్నే ఇడ్లీలో, ఉప్మానో కడుపునిండా తిని బయల్దేరండి. సొంత కారులోనో వ్యానులోనో వెళ్లేవాళ్లు పులిహోర, దద్దోజనం క్యారియర్లో పెట్టి, మూతలు బిగించి, బండిలోనే ఉంచి అద్దాలు ఎక్కించి తాళం వేయండి. కిందికి వచ్చాక తినొచ్చు. దద్దోజనంలో పెరుగుకంటే పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపితే మధ్యాహ్నానికి పులవకుండా సరిగ్గా ఉంటుంది. బస్సులో వెళ్లేవాళ్లు నెయ్యి రాసిన చపాతీలు, చెనిక్కాయల పొడి భుజానికి తగిలించుకునే గుడ్డసంచీలో పెట్టుకుంటే సరిపోతుంది. జలపాతం దగ్గర నోట్లో వేసుకోవడానికి వేరుశనగ ఉండలు చాలు. అరటిపళ్లు మాత్రం వద్దు. అవి మీరు తినేలోపల వేరేవాళ్లు తింటారు. మనిషికి ఒక లీటరు చొప్పున నీళ్లు ఎవరివి వాళ్లే మోసుకోవాలి, పిల్లలతో సహా. అమ్మ సంచీలో ఆరు సీసాలు పెట్టడం కుదరదు.

మూలికల చెట్లమీదుగా వస్తాయి గనక ఆ నీళ్లు ఔషధమని అక్కడ చాలామంది దోసిళ్లతో తాగుతుంటారు. మూలికల మాట ఎలా ఉన్నా, పైన స్నానాలు చేసేవాళ్లూ ఉంటారు, జంతువులూ ఉంటాయి. నెత్తిన చల్లుకుంటే పుణ్యానికి లోటు రాదు. తాగడానికి ఇంటినుంచి తెచ్చుకున్నవే మంచివి.

కట్టూబొట్టూ మాట. చీర కట్టుకునే నడవొచ్చు, నేను చీరతోనే నడిచాను. కాకపోతే జానెడు ఎత్తుగా కట్టి, కుచ్చిళ్లకు పిన్ను పెట్టుకోవాలి. నూలుచీర తడిస్తే బరువెక్కిపోతుంది. సింథటిక్ చీర తొందరగా ఆరుతుంది గానీ తడిసినప్పుడు కాళ్లకు చుట్టుకుని అడుగు పడనివ్వదు. పంజాబీ డ్రస్సు వేసుకోగలిగితే అన్నిటికంటే సుఖం. అత్తగారు ఏమంటారో అనుకునే రోజులు చాలావరకు పోయాయనుకుంటాను. హవాయి చెప్పులు మాత్రం వద్దే వద్దు. తడిరాయిమీద అవి సబ్బుబిళ్లతో సమానం. అడుగున గాట్లున్న కాన్వాసు బూట్లు మేలు. మారుజత, పెద్ద తువ్వాలు, ఒక పాత దుప్పటి తీసుకెళ్లండి. నలుగురు ఆడవాళ్లుంటే ఆ దుప్పటే మనకు గది. ఇంకో మాట, మగవాళ్లు చేసిన ప్రయాణ జాబితాల్లో ఎప్పుడూ ఉండనిది. నడక మొదలుపెట్టేముందు కిందే మరుగుదొడ్డికి వెళ్లి రండి. ఆ భయంతో నీళ్లు తాగడం మానేసి, ఎండలో నడిచి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లున్నారు.

ఇక అడవి. ఇది పేరు తెలియని చెట్ల అడవి కాదు, మన అలమారలో ఉన్న వస్తువుల అడవి. ఎర్రచందనం సంగతే చూడండి. మొటిమలకనీ వాపులకనీ సానమీద అరగదీసి రాసే రక్తచందనం ఇదే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమల, ఈ కాసిని కొండలు తప్పితే ప్రపంచంలో ఇది సహజంగా పెరిగే చోటు వేరే లేదు. చెట్టును గుర్తుపట్టడం తేలిక. బెరడు నల్లగా, పలకలు పలకలుగా మొసలి చర్మంలా పగిలి ఉంటుంది. ఆకు సాధారణంగా మూడు రెమ్మలుగా ఉంటుంది. దగ్గరికి వెళ్లి వాసన చూస్తే నిరాశపడతారు, ఎర్రచందనానికి పరిమళం ఉండదు. ఆ ఎరుపే దాని విలువ. జ్ఞాపకంగా దాచుకుందామని పుల్లముక్కైనా తీయకండి, నేరమవుతుంది.

వేగి చెట్లుంటాయి. దాని చేవతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్లుపోసి పొద్దున్నే తాగితే మధుమేహానికి మంచిదని మన పెద్దలు వాడేవారు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేసి మాత్రం ఈ నీళ్లు తాగకండి. జాలారి చెట్టు బంకను ధూపం వేస్తారు. అన్నిటికంటే నన్ను ఆపేసింది గిల్లతీగ. తీగ అంటే మన సన్నజాజి పందిరి అనుకునేరు! మనిషి నడుమంత లావున మెలికలు తిరుగుతూ ఒక చెట్టుమీంచి ఇంకో చెట్టుమీదికి పాకిపోతుంది. దాని కాయ బారెడు చిక్కుడుకాయ. ఒక్క కాయ వండితే వీధంతా తినొచ్చుననిపిస్తుంది గానీ, అది వండుకునే రకం కాదు. పైకి చూస్తూ నడిస్తే బెట్టుడుత కనిపించవచ్చు. మన పెరటి ఉడుతకు పెత్తండ్రిలా, ఎర్రటి ఒళ్లు, కుచ్చుతోకతో ఉంటుంది. దేవాంగపిల్లి, బంగారుబల్లి కూడా ఈ కొండల్లో ఉన్నాయి గానీ అవి రాత్రిపూట తిరిగేవి, మనకు కనబడవు. లోపలి కోనలకు వేరే దారులున్నాయి. ఫారెస్టు వాళ్ల అనుమతి, దారి తెలిసిన తోడు లేకుండా అటు అడుగు వేయకూడదు. మన దారి మనకు చాలు.

పోయిన కార్తీకంలో మేం అయిదుగురం ఆడవాళ్లం కలిసి వెళ్లాం. అందరిలో పెద్దావిడకు అరవై రెండేళ్లు. వదినగారిని ఒప్పించడానికి వారం పట్టింది. "ఇంట్లో మధ్యాహ్నం ఎలా?" అన్నారు ముందు. అన్నం, పప్పుచారు చేసి పెట్టి వెళ్లడం దాకా వచ్చి, చివరికి ఆవిడ కొడుకే "అమ్మా, నాకు కుక్కరు పెట్టడం వచ్చు" అనడంతో ఆ అధ్యాయం ముగిసింది. తాళంచెవి, ఫోను, నీళ్లు, ఉండలు తప్పితే ఎవరి దగ్గరా ఏమీ లేవు. దారిలో మూడుచోట్ల కూర్చున్నాం. పెద్దావిడ అందరికంటే నిదానంగా, అందరికంటే తక్కువ ఆయాసంతో నడిచారు.

చెట్లు విడిపోయి కొండగోడ ఒక్కసారి ఎదురుపడుతుంది చూశారూ, అక్కడ మాటలాగిపోతాయి. మెడ వెనక్కి వంచితే గానీ నీళ్లు ఎక్కడ మొదలవుతున్నాయో తెలియదు. పైన నురుగులా వదిలిన నీళ్లు సగం దూరం వచ్చేసరికి గాలికి చెదిరి, కిందికి తుంపరలై పడతాయి. ఇరవై గజాల దూరంలో నిలబడినా మొహం తడిసిపోతుంది. నీళ్లదగ్గరికి వెళదామని అందరం బూట్లు విప్పి ఒక బండమీద పెట్టాం. నాలుగడుగులు వేసి చూస్తే వదినగారు లేరు. వెనక్కి తిరిగితే బండమీద కూర్చుని ఉన్నారు. "మీరు వెళ్లి రండి, చెప్పుల దగ్గర నేనుంటాలే" అన్నారు!

అందరం ఒక్క క్షణం ఆవిడవంక చూశాం. ఆవిడకే నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. పెద్దావిడ వెళ్లి చెయ్యి పట్టుకుని లేపుకొచ్చారు. మోకాలిలోతు నీళ్లలో తుంపరకింద వదినగారు ఎంతసేపు నిలబడ్డారో నేను గడియారం చూడలేదు. ఫోటో తీస్తానంటే మాత్రం, "ఉండు, ముందు నన్ను చూసుకోనీ" అన్నారు. చెప్పులెవరూ ఎత్తుకుపోలేదు.

అక్కడ కాపలా ఉన్న ఫారెస్టు మనిషి మాకొక మాట చెప్పాడు. "నీళ్లు తెల్లంగా ఉన్నంతసేపు ఉండండి మా. ఎర్రంగా వచ్చినాయంటే ఒక్క నిమిషం నిలబడొద్దు, గట్టుకు వచ్చేయండి" అన్నాడు. ఇది ప్రాణం నిలిపే మాట, రాసి పెట్టుకోండి. మన నెత్తిమీద ఎండ కాస్తున్నా కొండపైన ఎక్కడో వాన కురిసి ఉండవచ్చు. ఆ నీరు మన దగ్గరికి చేరేముందు రంగు మారుతుంది, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తాయి, చప్పుడు పెరుగుతుంది. అప్పుడు సబ్బుడబ్బా వెతుక్కుంటూ నిలబడకూడదు. 2021 నవంబరులో తిరుపతి చుట్టుపక్కల కుంభవృష్టి కురిసినప్పుడు వాగులెలా విరుచుకుపడ్డాయో చూసినవాళ్లకు ఇది తెలుసు. అలాంటి రోజుల్లో జలపాతానికి పోనివ్వకుండా ఆపేస్తారు. ఆపితే వాదించకండి.

నీళ్లు పడేచోట మడుగు ఉంటుంది. అద్దంలా ఉంది కదా, లోతు లేదనుకుంటే పొరపాటు. అడుగున రాళ్ల మధ్య గుంతలుంటాయి. ఈత వచ్చిన కుర్రాళ్లు కూడా జలపాతాల దగ్గర ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.  పైనుంచి దూకుతామనీ, పాచిరాళ్లమీద నిలబడి సెల్ఫీ దిగుతామనీ అనే పిల్లల్ని కోప్పడడానికైనా అమ్మ కింద చెట్టుకింద కాక, నీళ్ల దగ్గర ఉండాలి కదా! సరిగ్గా ధార పడేచోట నెత్తి పెట్టకండి. అంత ఎత్తునుంచి చిన్న రాయి పడినా తల పగులుతుంది. పక్కన తుంపర పడేచోటే సుఖమూ, క్షేమమూ.

ఎప్పుడు వెళ్లాలంటే, ఈ ప్రాంతానికి అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు బాగా పడతాయి. అవి కాస్త తెరిపి ఇచ్చాక, జనవరి దాకా నీళ్లు నిండుగా ఉంటాయి, ఎండ బాధించదు. వేసవిలో ధార సన్నబడిపోతుంది. శివరాత్రికి గుడి దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. దేవుణ్ణి చూడ్డానికి అది మంచిరోజే, జలపాతాన్ని చూడ్డానికి కాదు. ఆదివారాలు, కార్తీక వనభోజనాల రద్దీ తప్పించుకోగలిగితే మధ్యవారంలో పొద్దున్నే తొమ్మిదిలోపల నడక మొదలుపెట్టండి. అడవిలో ఫోను సిగ్నలు నమ్ముకోవద్దు. ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ముందే చెప్పండి.

నడవలేని పెద్దవాళ్లను తీసుకెళ్లకూడదని నా ఉద్దేశం కాదు. గుడి దగ్గర నీడలో కూర్చుని వాగు చూస్తూ ఉండడం వాళ్లకూ ఇష్టమే. వాళ్లకు తోడు కావాలి, ఆ తోడు ఒక్కరే కానక్కరలేదు. రెండు జట్లుగా వెళ్లండి. మొదటి జట్టులో మీరు వెళ్లండి. రెండో జట్టు అంటే, "పొద్దుపోయింది, ఇంక రేపెప్పుడైనా" అనే మాట మీకే వస్తుంది. మీరు తిరిగొచ్చేదాకా అత్తగారి పక్కన ఆవిడ కొడుకు కూర్చుంటాడు. తల్లీకొడుకులు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో, ఆవిడ మాత్రం కాదంటారా?

సాయంత్రం నాలుగింటికల్లా కిందికి దిగేయాలి, కొండల చాటున చీకటి తొందరగా పడుతుంది. తెచ్చుకున్న కాగితాలు, సీసాలు తిరిగి సంచీలో వేసుకోండి. బస్సుకోసం వచ్చేవాళ్లు ఆఖరి బస్సు ఎన్నింటికో పొద్దున దిగినప్పుడే కండక్టరును అడిగి ఉంచుకోవాలి. తడిబట్టలు పిండి విడిగా మూట కట్టండి, లేకపోతే ఆ మర్నాడు సంచీ మొత్తం ఉతకవలసి వస్తుంది. మర్నాడు పిక్కలు పట్టేస్తాయి. వేడినీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి కాళ్లు ముంచుకుని కూర్చోండి. కాఫీ ఎవరినైనా కలిపి తెమ్మనండి.